వెండిపొన్ను కర్ర

బంట్రోతు తన జడ్జిగారి గురించి చెప్పేటప్పుడు ఎప్పుడూ ‘మేం’ అనే అంటాడు. “నిన్న బెయిలు మేం ఇవ్వలేదు,” అంటాడు, ఆయన నల్లగౌనుకు బ్రష్షు కొడుతూ. హైకోర్టు జడ్జీలందరిలోకీ సీనియరు తన అయ్యగారే. రేపోమాపో ఆయన ప్రధాన న్యాయమూర్తి అవుతారు, అప్పుడు వెండిపొన్ను కర్ర పట్టుకుని ఆయన ముందు తను నడుస్తాడు. అందుకని ఇంట్లో మంచినీళ్లకు లేచినా ఛాతీ విరుచుకునే నడిచేవాడు. ప్రభుత్వం మాత్రం వరసలో మూడో జడ్జిగారిని ఎంపిక చేసింది. ఆయన బంట్రోతు ఇతని బావమరిదే. ఆ ఉద్యోగం వేయించిందీ ఇతనే.

“గనుల కేసులో సర్కారును కడిగేశామని మీరే కదా వీధంతా చెప్పుకున్నారు,” అంది భార్య. “మా తమ్ముడి అయ్యగారు ఎవర్నీ కడగలేదు మరి.”

కొత్త ప్రధాన న్యాయమూర్తి స్వాగత సభ రోజు బావమరిది కోర్టు వరండాలోకి పరుగున వచ్చాడు. “బావా, కర్ర ఏ చేత్తో పట్టుకోవాలి?”

కుడిచేత్తో అని ఇతనికి తెలుసు. అతని భుజం మీది కొత్త ఎర్రపటకా వంక ఇతను కాసేపు చూశాడు.

“ఎడమచేత్తో.”

“నువ్వుండబట్టి పరువు దక్కింది బావా!”

ఇతను తలుపు సందులోంచి చూస్తూ, ఎవరు ముందు నవ్వుతారా అని నిలబడ్డాడు. ఎడమచేత కర్రతో బావమరిది హాల్లోకి నడిచాడు. ఎవరూ నవ్వలేదు. కర్ర నేలకు తగిలిన చప్పుడుకు అందరూ లేచారు. అందరికంటే ముందు లేచి తల వంచింది తన అయ్యగారే.