ఎర్ర గీతకు వెనక పెట్టిన నీళ్లు

మొన్న గురువారం పొద్దున్న మా బావ చనిపోయాడు. కంచెకు అవతల నుంచి అక్క పిలిస్తే తెలిసింది. "ఒరే తమ్ముడా, మీ బావ లెగట్లేదురా" అంది. ఏడవలేదు. నేను వెళ్లేసరికి ఆయన పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. అక్క ఆయన కాళ్ల మీద దుప్పటి సర్దుతోంది. చలి వెళ్లిపోయి వారమైంది. అయినా సర్దుతూనే ఉంది.

నాకు రాయడం అలవాటు లేదు. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. మాట్లాడడం అంతకంటే తక్కువ. కానీ బావ గురించి ఒక సంగతి నేను చెప్పకపోతే చెప్పేవాళ్లు లేరు.

ఆయన ప్రభుత్వ జీపు డ్రైవరు. ముప్పై అయిదేళ్లు ఈ కొండల మీద అధికారులను తిప్పాడు. పాడేరు నుంచి పాచిపెంట దాకా ఆయన తొక్కని ఘాటు రోడ్డు లేదు. సార్లు గెస్టుహౌసులో మంచాల మీద పడుకుంటే ఈయన స్టీరింగు మీద తల పెట్టి కునికేవాడు. "కొండలన్నీ సూసాన్రా. ఒక్క కొండనీ నా ఇష్టానికి సూళ్లేదు. ఆళ్లు ఆపమంటే ఆపాను, పదమంటే కదిపాను" అనేవాడు. బండి కదిపే ముందు చుట్టూ ఒకసారి తిరిగేవాడు. టైర్లను అరచేతితో తట్టేవాడు. నట్ల మీద స్పానరుతో కొట్టి చెవి పెట్టి వినేవాడు. మోగితే బిగువుగా ఉన్నట్టు, దగ్గితే వదులైనట్టు. చెడిపోయిన నట్టు దగ్గుతుందని ఆయన నోటే విన్నాను.

రిటైరయ్యాక ఒక పాత జీపు కొన్నాడు. ఆ తర్వాత ఒకరోజు, షామియానా కొట్టువాళ్లు పెళ్లిళ్లకు జనరేటరు లాక్కెళ్లే రెండు చక్రాల ట్రాలీని కాగితాలతో సహా కొని తెచ్చి పెరట్లో నిలబెట్టాడు. దాని మీద చిన్న గది కట్టి, జీపు వెనక తగిలించుకుని, కరెంటూ సిగ్నలూ లేని కొండల మీద నాలుగు రోజులుండి రావాలని ఆయన ఆశ. నా ఇంటిది పోయినప్పటి నుంచి తిండి అక్క ఇంట్లోనే. నాకు పనేముంది? సాయం పట్టాను.

ఇనప చట్రం, ప్లైవుడ్డు, పైన రేకు. రేకు మీద సోలారు పలక, లోపల బ్యాటరీ, రెండు బల్బులు, ఇద్దరికి పడక. అక్క రోజూ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసేది.

"ఏటయ్యా ఇది, కోళ్ల గూడా?"

"మరి నిన్నెక్కడ మూసెట్టనే?"

"పుంజు ముసిల్దైపోనాది. దానికి మళ్లీ షికార్లు!"

డుంబ్రిగుడ సంతకు వెళ్లినప్పుడు, ఈ బండి సంగతి విన్న కుర్రాళ్లు "తాతా, బజ్జీలు ఎప్పుడేత్తావు?" అని అడిగేవాళ్లు. "నూనె నువ్వు తే, ఇప్పుడే ఏత్తాను" అనేవాడు.

గది పూర్తయ్యాక ఆయన ఒక నియమం పెట్టాడు. మూడు రోజులు పెరట్లోనే ఆ బండిలో బతకాలి. ఎంత అవసరమొచ్చినా ఇంట్లోకి అడుగు పెట్టకూడదు. "ఏటి మరిసిపోయామో ఇక్కడే తెలవాలి. కొండ మీద తెలిత్తే ఏం లాభం?" ఏది లేకపోతే అది కాగితం మీద రాయడం నా పని. మొదటి రోజే అగ్గిపెట్టె, ఉప్పు, అక్క మోకాళ్లకు రాసుకునే నూనె రాశాను. రెండో రోజు గిన్నెలు కడిగిన నీళ్లు పడక కిందకు పోయాయి. మూడో రోజు సాయంత్రం అక్క తన దుప్పటి తెచ్చి లోపల పరిచింది. ఆమెకు ఘాటు రోడ్డంటే భయం. ముప్పై అయిదేళ్లు వానల్లో మొగుడి కోసం ఎదురుచూసిన మనిషి. "బేగి ఎల్లి బేగి వచ్చేద్దాం" అని మాత్రం అంది. బావ ఆ మాటకే ఎంతో సంతోషించాడు.

ఇరుసుకు సరిగ్గా పైన, గది నేల మీద ఆయన ఎర్ర రంగుతో ఒక గీత గీశాడు. "బరువంతా గీతకి ముందల. ఎనక పరుపులు, గుడ్డలు. మరిసిపోకు" అన్నాడు. నేను తలూపాను.

నిరుడు కాఫీ కోతలు అయ్యాక బయలుదేరాం. బావ లోపల అంబలి తాగుతున్నాడు. నేను నూరు లీటర్ల నీలం డ్రమ్మును గీతకు ముందే పెట్టి నింపాను. తర్వాత ట్రాలీని జీపుకు తగిలించే ఇనప కడ్డీ ఎత్తబోయాను. లేవలేదు.

పదేళ్ల వయసు నుంచి ఎడ్లబండి తోలినవాణ్ణి. బరువు ముందుకు పడితే కాడి ఎద్దు మెడను నొక్కుతుంది, మెడ పుండవుతుంది. చిన్నప్పుడు చోళ్ల బస్తాలు ముందుకు వేశానని మా నాన్న చెంప పగలగొట్టాడు. ఆ దెబ్బ నేర్పింది ఇప్పటికీ నా చేతుల్లో ఉంది. ఇంత బరువు జీపు మీద పడితే ఎలా అనుకున్నాను. బకెట్టుతో నీళ్లన్నీ తోడి బంతి మొక్కలకు పోశాను. ఖాళీ డ్రమ్మును గీతకు వెనక, తలుపు దగ్గర తాడుతో కట్టి మళ్లీ నింపాను. ఈసారి కడ్డీ ఒంటి చేత్తో లేచింది. మంచి పని చేశాననుకున్నాను. జీపుకు నేనే తగిలించేశాను.

బావ వచ్చి టైర్లు తట్టాడు, నట్లు కొట్టి విన్నాడు, పిన్నూ గొలుసూ లాగి చూశాడు. గది తలుపు మీద చెయ్యి వేశాడు. అంతలో అక్క, "ఎల్తే ఎల్దాం, నేకపోతే నాను దిగిపోతాను" అంది. చెయ్యి తీసేసి వచ్చి కూర్చున్నాడు.

ఎక్కుడు బాగానే జరిగింది. దిగుడులో మూడో మలుపు దగ్గర వెనక ఏదో రాసుకున్న చప్పుడైంది.

"ఏటయ్యా ఆ సప్పుడు?" అంది అక్క.

"మాటాడకే."

ఆమెతో ఆయన అలా అనడం నేనెప్పుడూ వినలేదు. అద్దంలో చూశాను. మా గది ఎడమకు ఊగింది, కుడికి ఊగింది. ప్రతి ఊపుకూ జీపు వెనక భాగాన్ని ఎవరో పట్టి గుంజినట్టుంది. నా పక్కన రోడ్డంచు, దాని కింద చెట్ల తలలు.

"బ్రేకెయ్యి బావా!"

"ఏత్తే తిరగబడతాది" అన్నాడు. కాలు పెడల్ మీద నుంచి తీసేశాడు. స్టీరింగు రెండు చేతులతో నిటారుగా పట్టుకున్నాడు. కింది మలుపులోంచి బస్సు హారను కొడుతూ పైకొచ్చింది. అక్క నా ముంజేయి పట్టుకుంది, గోళ్లు దిగాయి. మా గది ఇంకోసారి ఊగి, వెనక మూల కొండ వైపు రాతికి కొట్టుకుంది. జీపు సగం తిరిగి ఆగింది. బస్సు మాకు రెండు బారల దూరంలో ఆగింది. బస్సు డ్రైవరు తల బయటపెట్టి, "ముసిలోళ్లకి ఇయ్యేటి సరదాలు!" అని అరిచాడు.

బావ దిగి గది తలుపు తీశాడు. వెనకే నేనూ వెళ్లాను. డ్రమ్ము మూత ఊడి నీళ్లు కారుతున్నాయి. అది ఎర్ర గీతకు వెనక ఉంది. దానికి నేను వేసిన ముడి ఉంది. ఆయన ముడిని చూశాడు, నన్ను చూశాడు. అక్క కుంటుకుంటూ వచ్చేసరికి ఆయన తలుపు మూసేశాడు.

"ఏటైనాది?"

"సెయ్యి జారిందే. మలుపు సరిగ్గా కొయ్యలేదు."

ఇంటికొచ్చాక అక్క జీపు తాళం తీసుకుని కొంగుకు ముడేసుకుంది. "ఈ మనిషి వత్తాడా రాడా అని ఇన్నేళ్లు గుమ్మంలో కూసున్నాను. ఇంక కూసోను. నీ సేతులికి వయసైపోనాది. సాలు" అంది.

ఎందుకలా చెప్పావని ఆ సాయంత్రం బావను అడిగాను.

"నన్నైతే తిట్టినా కూడెడతాది. నిన్నైతే పెట్టదు. ఆకలికి సచ్చిపోతావు" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "లోపల సూడకుండా కదిపినోణ్ణి నాను. కదిపినోడిదే తప్పు" అన్నాడు.

"ఎద్దు మెడ అనుకున్నాను బావా."

"ఇనుముకి మెడేట్రా! ముందల బరువుంటేనే తోక ఊగకుండా ఉంటాది."

అంతే. ఆ తర్వాత ఎనిమిది నెలల్లో ఆయన ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. రెండు పూటలా అక్క పెట్టింది తిన్నాను. ఆకలి మాత్రం ఉండేది కాదు. చెబుదామని నోరు తెరిచి ఉప్పు అడిగేవాణ్ణి. బావ విరిగిన మూల బాగుచేసి రంగు వేశాడు. ఎవరైనా ప్రయాణమెప్పుడని అడిగితే, "మా ఇంటిదాని పర్మిట్టు రాలేదు" అనేవాడు. కానీ బస్సులో చూసినవాళ్లు ఊరంతా చెప్పారు. డ్రైవరు ముసలాడి చేతులు వణుకుతున్నాయని అనుకోవడం మొదలైంది.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం పక్క వీధి కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. భార్యకు నొప్పులు వస్తున్నాయి. "జీపు కావాలి తాతా. తోలడానికి ఎవులున్నారు?" అన్నాడు.

"నాను లేనేట్రా?" అన్నాడు బావ, అప్పటికే చెప్పులు తొడుక్కుంటూ.

ఆ కుర్రాడు నేల చూపులు చూశాడు. అక్క కొంగు ముడి పట్టుకుని కదల్లేదు. చివరకు వేరే ఊరి నుంచి జీపు వచ్చేదాకా ఆగారు. తల్లీ బిడ్డా క్షేమమే. కానీ ఆ జీపు వచ్చేదాకా బావ ఆ చెప్పులతో వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. నేను చూశాను.

ఆరోజు అక్క కంచంలో అన్నం పెడుతుంటే చెప్పేశాను. "అక్కా, ఆ డ్రమ్ము నేనే ఎట్టాను."

"ఏ డ్రమ్ము?"

"ఆ రోజుది. గీతకి ఎనక ఎట్టాను. బండి అందుకే ఊగింది. బావ సెయ్యి జారలేదు. ఆ సేతులు కాబట్టే మనం బతికాం."

అక్క గరిట పక్కన పెట్టింది. "ఎనిమిది నెల్లు నా సేతి కూడు తిన్నావు" అంది.

"తిన్నాను."

నా ముందున్న కంచం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నాలుగు రోజులు ఆ ఇంటి నుంచి నాకు మెతుకు రాలేదు. బావ కంచె మీద నుంచి ఆకుల్లో చుట్టి అందించేవాడు. "నాను సెప్పలేదేట్రా?" అని నవ్వు ఆపుకోలేకపోయేవాడు. ఒకసారి మాత్రం కంచె పట్టుకుని, "సెప్పీసేవు" అన్నాడు.

ఐదో రోజు కుళాయి దగ్గర అక్క గొంతు వినిపించింది. "మా తమ్ముడి బుద్ధి గడ్డి తిన్నాది! మా ఆయన సేతులికేటీ అవలేదు. ఎవులికైనా అనుమానమైతే నా ముందల అనండి!" వీధంతా వినేలా అంది. తిరిగొచ్చి బావ చేతిలో తాళం పెట్టింది. నా వైపు తిరిగి, "రేపు సామాను నాను సర్దుతాను. నువ్వా డ్రమ్ము ముట్టుకున్నావంటే సెయ్యిరగ్గొడతాను" అంది. నాకు ఎనిమిది నెలల తర్వాత ఆకలి వేసింది.

వెళ్లాం. ఒక కొండ మీద నాలుగు రోజులున్నాం. వాళ్లిద్దరూ గదిలో, నేను జీపులో. దిగేటప్పుడు అక్క కళ్లు మూసుకుంది కానీ ఆపమనలేదు. ఆయన చేతుల్లో బండి చెరువు మీద పడవలా దిగింది. అది ఆయన తన ఇష్టానికి చూసిన మొదటి కొండ. మళ్లీ ఇంకొకటి చూడడానికి వీల్లేకపోయింది. బావా, నువ్వు నా తప్పు మోసిన ఎనిమిది నెలలకూ నేను చేయగలిగింది అక్కతో చెప్పిన ఆ ఒక్క మాటే. అదీ ఆలస్యంగా.

ఆ కొండ మీద మూడో రోజు పొద్దున్న వలిసె పూలు విరగబూసి ఉన్నాయి. ఎవరిదో చేను, వాలంతా పసుపు. అక్క టీ పెడుతోంది. బావ చేను గట్టు మీదుగా కిందికి నడిచి, నడుం దాకా పూలలో నిలబడి, మా వైపు తిరిగాడు. చెయ్యెత్తి ఏదో గట్టిగా అన్నాడు. గాలి అటు వీస్తోంది.

"ఏటంటన్నాడ్రా?" అంది అక్క.

"వినబళ్లేదక్కా" అన్నాను.

ఆయన మళ్లీ అరిచాడు, నవ్వుతూ, లోయ వైపు ఏదో చూపిస్తూ. మేమిద్దరం వినబడినట్టే తలూపాం.