హుస్నా సాగదీసిన తీగ

పదకొండేళ్లుగా హుస్నా పేరు హాజరుపట్టీలో స్వీపర్ల వరుసలోనే ఉంది. నిజానికి కరీంనగర్‌లోని ఆ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో చీపురు ఆమె చేతిలో ఉండేది పొద్దున అరగంటే. మిగతా రోజంతా తీగలు రుద్దడం, బిగించడం, అద్దాలు తుడవడం. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. కాంట్రాక్టు మనిషి నోరు తెరిస్తే మరునాడు గేటు దగ్గరే ఆపేస్తారని ఆమెకు తెలుసు.

సుల్తానాబాద్‌లో ఆమె తండ్రి ఫజలుద్దీన్‌ది మోటార్ వైండింగ్ దుకాణం. వరి పొట్టకొచ్చే రోజుల్లో కాలిపోయిన బోరు మోటార్లు గుమ్మం దాకా పేరుకునేవి. పదో తరగతి పాసై అక్కడే రాగితీగ చుట్టడానికి కూర్చున్న హుస్నాకు తీగలో వంకర కంటికన్నా ముందు గోటికి తెలిసేది.

ల్యాబులో పని వేరు. సన్నని రాగితీగ మొన మీద లేజరు మెరుపు పడితే టెరాహెర్ట్జ్ అలలు పుడతాయి. రేడియో అలలకూ వేడి కిరణాలకూ నడిమి రకం. అవి తీగ లోపల నుంచి కాదు, పైపొరను అంటిపెట్టుకుని పోతాయి. వాటిని బలంగా పుట్టించి, ఆ బలం తగ్గకుండా అవతలి కొసకు చేర్చడమే ప్రొఫెసర్ విద్యాధర్ పరిశోధన.

నిరుడు వానాకాలంలో అల సగం కూడా అవతలికి చేరలేదు. విద్యాధర్, ఆయన విద్యార్థిని అలేఖ్య మూడు వారాలు లేజరునే విప్పారు, బిగించారు. తీగ మెరుస్తోంది కదా అని దాన్ని అనుమానించలేదు. ఒక మధ్యాహ్నం హుస్నా తీగ పొడవునా గోరు నడిపింది.

"సార్, గీ తీగకు చుట్ట గుణం పోలే. ఈడ ఒకటి, గాడ ఒకటి వంపులున్నయి."

"చూస్తె సక్కగనే ఉన్నది గదమ్మా."

"కండ్లను నమ్ముకుంటె మా అబ్బా దుకాణం ఎన్నడో మూతపడేది సార్."

కొత్త తీగ ఒక కొస బిగించి, మడిచిన నూలుగుడ్డలోంచి లాగి, కొద్దిగా సాగేదాకా పట్టి వదిలింది. ఆ సాయంత్రం అల నిండుగా చేరింది. పాత తీగలో వంపు వచ్చిన చోటల్లా అది తీగను వదిలి గాలిలో కలిసిపోయిందన్నమాట.

ఆ ఫలితం మీద విద్యాధర్ వ్యాసం అచ్చయింది. చివర ల్యాబు సిబ్బందికి కృతజ్ఞతలున్నాయి, హుస్నా పేరు లేదు. ఈ ఏడు అదే ల్యాబుకు టెక్నీషియన్ పోస్టు పడింది. పదో తరగతి, పదేళ్ల అనుభవం చాలు. అనుభవ పత్రం కోసం ఆఫీసుకు పోతే గుమాస్తా హాజరుపట్టీ తిప్పి చూపించాడు. ఊడ్చిన అనుభవానికైతే ఇస్తాడట.

ఆమె తొలిసారి తన కోసం అడగడానికి విద్యాధర్ బల్ల ముందు నిలబడింది.

"నా పని మంచిగుంటదని వచ్చినోళ్లందరికీ చెప్తరు సార్. గా మాటనే కాయితం మీద రాసి దస్కతు పెట్టుండ్రి."

ఆయన సొరుగులోంచి కాయితం తీశాడు. రాశాడు, తేదీలతో, తీగ సంగతితో సహా. అలేఖ్య సాక్షి సంతకం చేసింది. ఆఫీసు ఆ కాయితం తీసుకుని, పట్టీలో లేనిది చెల్లుతుందో లేదో చూస్తామంది. ఇంకా చూస్తూనే ఉంది. దరఖాస్తు గడువు ఈ నెలాఖరు.

హుస్నా లాంటివాళ్లు మీ కాలేజీలో, మీ ఆస్పత్రిలో, మీ ఆఫీసులో ఉన్నారు. పట్టీలో వాళ్ల పేరు ఏ వరుసలో ఉందో అడగండి. వాళ్లు నిజంగా చేసే పనిని తేదీలతో రాసి, సంతకం పెట్టి, ఒక నకలు వాళ్ల చేతికివ్వండి. పోస్టు పడేదాకా ఆగకండి. విద్యాధర్ పదకొండేళ్లు ఆగాడు.