ఇల్దార్ పెదవులు

రాక్షసజంతువుల సినిమాలో విదేశీయుడు కావలసి వచ్చినప్పుడల్లా టోక్యో స్టూడియోవారు బట్టల కొట్టు ఇల్దార్‌కే కబురు చేస్తారు. రష్యా నుంచి వలస వచ్చిన తాతారు జాతి దంపతులకు అతడు ఈ ఊళ్ళోనే పుట్టాడు. ఇంగ్లీషు ముక్క రాదు. "ఇవాళ మీది ఏ దేశమండీ?" అని నవ్వుతుంది మేకప్ చేసే కియో. "కళ్ళజోడు పెడితే అమెరికా, టోపీ పెడితే రష్యా. అంతా నీ చేతిలోనే ఉందమ్మా" అంటూ ఇల్దార్ అలవాటుకొద్దీ కోటు అంచును వేళ్ళతో నిమిరి చూసుకుంటాడు. కెమెరా ముందు పెదవులు కదుపుతాడు. గొంతు తర్వాత మరెవరిదో అతికిస్తారు. ఒక్కసారైనా తన మాట తెరమీద వినిపించాలని పదేళ్ళుగా అతని కోరిక.

ఆ రోజు స్టూడియోలో కట్టిన మోకాలెత్తు నమూనా నగరం మీద దీపాలతో సాయంత్రాన్ని పరిచారు. పలచని పొగలో స్నానశాల గొట్టం, దాని పక్కన నీలి పరదా వేలాడుతున్న అగ్గిపెట్టెంత కొట్టు కనిపించాయి. అది అచ్చం తనదే, కింద కొట్టు, పైన ఇల్లు. కాసేపట్లో రాక్షసజంతువు వేషగాడు దానిమీద కాలు మోపుతాడు.

"ఇక్కడ నన్ను జపనీస్‌లో ఒక్క మాట అననివ్వండి" అని దర్శకుణ్ణి అడిగాడు.

"మీ నోట జపనీస్ వస్తే ఎవరు నమ్ముతారండీ? ఏదో ఒకటి అనండి, పెదాలు కదిలితే చాలు."

ఇల్దార్ కొట్టువైపు వేలు చూపి, పెదవులు కదిపాడు.

సినిమా విడుదలయ్యాక అతని నోట ఎవరిదో బొంగురు ఇంగ్లీషు వినిపించింది. యుద్ధకాలపు బాంబుల మోతకు చెవులు పోయి, పెదవులు చూసే మాటలు పట్టుకునే భార్య ఫుమిఎ పక్కసీట్లోంచి అతని చెయ్యి తట్టింది.

"ఏవండీ, 'అది మా ఇల్లు' అన్నారు కదూ? ఎంత గట్టిగా అన్నారో."