నక్షాకు మూడు వందల నలభై మీటర్ల అవతల

ప్రతి రెండేళ్లకోసారి నేనొక నక్షాను జిరాక్సు తీసి, దరఖాస్తుకు పిన్ను కొట్టి పంపేదాన్ని. పదహారేళ్లలో ఎనిమిదిసార్లు పంపాను. ఒక్కసారైనా దాన్ని విప్పి చూసిన పాపాన పోలేదు. మా కాపలాదారు ఎర్మెస్ పాయెజాంతి ఉద్యోగం పోయింది ఆ కాగితం వల్లే. ఈ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను. ఇక మీదట ఎవరి మీద విసుక్కున్నా, ఆ విసుగులో సగం నా మీదే అనుకోండి.

మాది ఇటలీలో పో అనే నది సముద్రంలో కలిసే చోట ఉన్న వల్లెక్యారా. మా ఊరికి ఆధారం ఉప్పునీటి మడుగు, అందులో మేం పెంచే గుల్లలు. ఆ గుల్లల పెంపకందార్ల సహకార సంఘంలో ఇరవై ఏడేళ్లుగా గుమాస్తాగిరీ చేస్తున్నాను. నా పేరు నేరీనా. గుల్లలు నీళ్ల అడుగున ఇసుకలో పడుకుని ఉంటాయి. దొంగ వస్తే మొరగవు, పారిపోవు. ఎవడైనా పంపు బిగించిన పార దింపాడంటే ఒక ఇంటి ఏడాది పంట గంటలో లేచిపోతుంది. అందుకే సంఘం సొంతంగా ఒక కాపలాదారుణ్ణి పెట్టుకుంటుంది.

పెట్టుకోవడమంటే రేపట్నుంచి పనిలోకి రమ్మని చెప్పడం కాదు. సంఘం దరఖాస్తు పెట్టాలి. ఆ మనిషి మీద కేసులు లేవని, నడవడి మంచిదని, చూపూ బుద్ధీ సరిగా ఉన్నాయని కాగితాలు తేవాలి. జిల్లా కార్యాలయం ఉత్తర్వు ఇవ్వాలి. ఆ తర్వాత మనిషి అధికారి ముందు నిలబడి ప్రమాణం చెయ్యాలి. తుపాకీకి వేరే లైసెన్సు. యూనిఫారం పోలీసులదిలా కనబడకూడదని దాని రంగుకు కూడా అనుమతి కావాలి. ఉత్తర్వు గడువు రెండేళ్లు. ఎవరి ఆస్తిని, ఏ చోట కాయాలో అందులో రాసి ఉంటుంది. ఆ చోటు చూపించేదే నేను పిన్ను కొట్టిన నక్షా.

ఎర్మెస్ అంతకుముందు గుల్లలు తీసేవాడే. పార లాగీ లాగీ నలభై అయిదేళ్లకే నడుం పోయింది. ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఇక నీళ్లలో పని వద్దన్నాడు. ఆరు నెలలు ఇంట్లో కూర్చుని భార్య ఇరీదెను వేపుకు తిన్నాడు. ఆమె వచ్చి సంఘంలో పోట్లాడితే కాపలాదారుగా పెట్టాం. ప్రమాణం చేసే రోజు నేనూ వెళ్లాను. చదువుతుంటే ఆయన ఒక మాట తడబడ్డాడు. చివరి వాక్యం దగ్గర ఆగి, మొదట్నుంచీ మళ్లీ చదివాడు. ఎవరూ అడగలేదు.

యూనిఫారం గోధుమ రంగుది. బార్లో కుర్రకారు వదిలిపెడతారా? "జరగండ్రా, గుల్లల దొరగారొచ్చారు" అనేవాళ్లు. ఆయన నవ్వి కాఫీ తాగి వెళ్లిపోయేవాడు. రిపోర్టు రాయడానికి కూర్చుంటే మాత్రం నవ్వేవాడు కాదు. తారీఖు, టైము, గాలి ఎటు నుంచి వీస్తోంది, నీళ్లు పోటు మీదున్నాయా పాటు మీదున్నాయా, మడి చుట్టూ పాతిన గుంజల్లో ఏ వరసలో ఎన్నోది. రాసింది మూడుసార్లు చదివి గాని సంతకం పెట్టేవాడు కాదు. నాకు ఇంటికెళ్లే టైమైపోయేది, ఒళ్లు మండిపోయేది.

"మూడో గుంజైతే ఏంటి, నాలుగోదైతే ఏంటి? దొంగ దొంగేగా?" అన్నానొకసారి.

"దొంగ సంగతి దొంగ చూసుకుంటాడు. సంతకం నాది నేరీనా" అన్నాడు.

ఇక నా తప్పు సంగతి. పిల్ల గుల్లల్ని పెంచే చోటును మేం నారుమడి అంటాం. చుట్టూ గుంజలు పాతుతాం. అది ఇసుక మేట మీద ఉండాలి. మేట ఒకచోట ఉండదు. నదికి వరదొస్తే జరుగుతుంది. అయిదారేళ్లకోసారి మార్చి నెలలో సంఘమంతా నీళ్లు తీసే పాటు సమయం చూసుకుని మడుగులోకి దిగి, పాత గుంజలు పీకి మేట కొత్తగా వేసిన చోట పాతుతుంది. మొదటి గుంజ అందరికంటే పెద్దాయన పాతుతాడు. తర్వాత ఈల్ చేప కాల్చుకుని తిని, తెల్ల వైను తాగి ఇంటికొస్తాం. ఎర్మెస్ వచ్చాక మూడుసార్లు మార్చాం. మూడుసార్లూ రొట్టెల బుట్ట మోసుకుంటూ ఆ కొత్త నారుమడి దాకా నడిచింది నేనే. ఆఫీసుకొచ్చి పాత నక్షాకే పిన్ను కొట్టిందీ నేనే. నారుమడి ఎక్కడుందో ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. దాన్ని కాగితం మీద కూడా జరపాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

కిందటేడు నవంబరులో, పొద్దున పది గంటలకు, మడుగంతా పొగమంచు. నారుమడి దగ్గర పంపు చప్పుడు వినబడి ఎర్మెస్ ఇంజను ఆపేసి, గెడ వేసుకుంటూ వెళ్లాడు. నది అవతలి ఒడ్డు వాళ్ల పడవ. ఇద్దరు వేరే పడవలోకి దూకి పారిపోయారు. మిగిలినవాడు లోరిస్, మా బార్‌కు వచ్చిపోయేవాడే.

"లోరిస్, ఇంజను ఆపు. మొహం చూపించక్కర్లేదు, దగ్గు వింటే తెలిసిపోయింది."

"ఎర్మెస్ బాబాయ్, ఈ చలికి నీ నడుం పట్టేస్తుంది. ఇంటికెళ్లి పడుకోరాదూ."

"నా నడుం గోల నీకెందుకు గాని, ఇంజను ఆపు."

తుపాకీ ముట్టుకోలేదు. పోలీసులకు ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా లోరిస్‌తో ఫుట్‌బాల్ కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. పడవలో ముప్ఫై ఒక్క బస్తాల పిల్ల గుల్లల నారు దొరికింది. అది పోయుంటే మరుసటేడు సగం ఊరు ఖాళీ పడవలతో కూర్చునేది. ఎర్మెస్ రిపోర్టు రాశాడు. నారుమడి, తూర్పు వరస, మూడో గుంజ. పక్కనే, ఎక్కడున్నామో చూపించే చేతి యంత్రంలోని అంకెలు.

జనవరిలో రిజిస్టర్డు ఉత్తరం వచ్చింది. లోరిస్ వకీలు ఆ అంకెలు తీసుకెళ్లి నక్షా మీద పెట్టి చూశాడట. కాపలాదారు తనకు అప్పగించిన చోటు దాటి, ఆయుధంతో, లేని అధికారాన్ని వాడాడని ఫిర్యాదు. ఉత్తర్వు ఎందుకు రద్దు చేయకూడదో పది రోజుల్లో వచ్చి చెప్పుకోవాలి. అప్పటిదాకా డ్యూటీ బంద్. ఉత్తరం చదివి నక్షా విప్పాను. మొదటిసారి విప్పాను. నారుమడి గుర్తు పదహారేళ్ల కిందటి చోటే ఉంది.

సంఘం అధ్యక్షుడు ఓలిందో తొణకలేదు. "ఇంత దానికి బెంబేలెందుకు? రిపోర్టులో చోటు తప్పు పడిందని సవరణ రాసెయ్. పన్నెండో నంబరు మడి అని పెట్టు. అది నక్షా లోపలే ఉంది."

"ఎర్మెస్ ఒప్పుకోడు."

"ముందే అడిగితే ఎందుకు ఒప్పుకుంటాడు? అధికారి ముందు కూర్చున్నప్పుడు తీసి చేతిలో పెట్టు. చచ్చినట్టు సంతకం పెడతాడు."

నేను టైపు చేశాను. ఆ కాగితంతో ఆయన ఉద్యోగం నిలబడుతుంది, నా తప్పూ కప్పబడిపోతుంది. రెండోది ఎక్కువ గుర్తుందో మొదటిది ఎక్కువ గుర్తుందో నన్నడగకండి.

నా కార్లోనే వెళ్లాం. ఆయన మామూలు కోటు వేసుకున్నాడు. జిల్లా కార్యాలయంలో మొదటి కిటికీ వాడు రెండో అంతస్తుకు పొమ్మన్నాడు. అక్కడివాడు కాపలాదారుల విభాగం మంగళ, గురువారాలే అన్నాడు. ఇవాళ గురువారమే కదయ్యా అంటే, గురువారం కింద కూర్చుంటారన్నాడు. దిగుతూ ఎక్కుతూ ఎర్మెస్ నడుం పట్టుకోవడం చూస్తుంటే ఎవరి జుట్టు పట్టుకోవాలో తెలియలేదు.

చివరికి దొరికిన అధికారి ముప్ఫై అయిదేళ్ల ఆడమనిషి. మర్యాదస్తురాలు. ముందు ఎర్మెస్‌కు వీపు ఆనే కుర్చీ వేయించింది. తర్వాత నక్షా, రిపోర్టు పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలిచింది.

"మూడు వందల నలభై మీటర్లు బయట ఉన్నారు."

"నారుమడి అక్కడే ఉంది మేడమ్."

"ఉండొచ్చండి. నక్షాలో లేదు. మీకిచ్చిన అధికారం మీతో పాటు తిరిగేది కాదు. ఉత్తర్వులో రాసిన చోట మాత్రమే ఉంటుంది. ఆ గీత లోపల మీ రిపోర్టుకు విలువుంది. బయట మీరు తుపాకీ పెట్టుకున్న మామూలు మనిషి."

"నక్షాలో నారుమడి అని గీసిన చోట ఇప్పుడేముందో తెలుసా మేడమ్? రెండు నిలువుల నీళ్లు. అక్కడ నేను చేపల్ని కాయాలి."

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుంది. కాసేపు పెన్ను తిప్పి, "చూడండి, పొగమంచులో చోటు పొరపాటు పడటం మామూలే. అలాంటిదేమైనా ఉంటే సవరణ ఇవ్వొచ్చు. ఇవాళ ఇస్తే తీసుకుంటాను" అంది. ఇంతకంటే తలుపు ఎవరు తెరుస్తారు?

నేను సంచిలోంచి కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"ఇది నువ్వు టైపు చేశావా?"

"ఓలిందో చెయ్యమన్నాడు."

"ఓలిందోకు టైపు రాదు నేరీనా."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన కాగితం మడిచి నా సంచిలో తిరిగి పెట్టి, అధికారి వైపు తిరిగాడు. "చోటు పొరపాటు పడలేదు మేడమ్. మూడో గుంజ దగ్గరే పట్టుకున్నాను. నేను ప్రమాణం చేసింది ఈ భవనంలోనే, పై గదిలో."

అప్పుడు నోరు పెగిలింది నాకు. నక్షా తప్పు నాది, పదహారేళ్లుగా విప్పకుండా పంపింది నేను, అని గడగడా చెప్పేశాను. రాసివ్వమంది, రాసిచ్చాను. దానివల్ల ఆయన మీద క్రిమినల్ కేసు రాకుండా ఆగుతుందట. ఉత్తర్వు రద్దు మాత్రం ఆగదట. నిబంధన చదివి వినిపించింది. ఆమె చెప్పిందాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు, అదే నా కడుపుమంట.

తిరుగుదారిలో ఉండబట్టలేకపోయాను. "ఒక్క సంతకం. ఆవిడే నోరు తెరిచి అడిగింది. ఇదేం మొండితనం ఎర్మెస్? ఇరీదెకు నేనేం చెప్పాలి?"

"నా రిపోర్టుంటే జడ్జి ఇంకో సాక్షిని పిలిచేవాడు కాదు. ఎందుకంటావ్?"

"నువ్వే చెప్పు."

"మూడో గుంజని రాస్తే మూడో గుంజే కాబట్టి. ఒక్కటి మారిస్తే వెనకటివన్నీ ఏమైనట్టు?"

ఇరీదె గుమ్మం ముందు ఆయన్ని దింపి, నేను కారు దిగకుండానే తిప్పేశాను.

ఫిబ్రవరిలో ఉత్తర్వు రద్దయింది. యూనిఫారం మీది బిళ్ల, గుర్తింపు కార్డు, తుపాకీ లైసెన్సు అప్పగించి రసీదు తీసుకున్నాడు. రిపోర్టు చెల్లకపోవడంతో లోరిస్‌కు పడవ తిరిగొచ్చింది. ఆ ఆదివారం వాడు బార్లోకి వచ్చి, "బాబాయ్ కాఫీ నా లెక్కలో వెయ్యండి" అన్నాడు గట్టిగా. ఎర్మెస్ తన కాఫీకి తనే చిల్లర పెట్టి బయటికొచ్చేశాడు. బార్లో ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఒక్క మాటా అనలేదు. నాకు ఆ రెండోదే మింగుడు పడలేదు.

కొత్త కాపలాదారుగా రెనాటో వచ్చాడు. నలభై రెండేళ్లు, పట్నంలో షాపింగ్ మాల్ ముందు కాపలా నిలబడినవాడు. పడవెక్కితే వాంతులు. కొత్త దరఖాస్తుకు కొత్త నక్షా కావాలి. ఎర్మెస్ అడగకుండానే వచ్చి, నాతో కలిసి గుంజ గుంజకూ అంకెలు తీశాడు. నేను టైపు చేసి మూడుసార్లు చదివాను. ఉత్తర్వు జూన్‌లో చేతికొచ్చింది. అది వచ్చేనాటికి, మే నెల వరదకు మేట మళ్లీ జరిగింది. గుంజలు మార్చక తప్పలేదు. తూర్పు వరస మొత్తం కొత్త గీతకు కూడా బయట పడింది.

ఈసారి గుంజలు మార్చిన సాయంత్రమే నక్షాకు సవరణ కోరుతూ రాశాను. పరిశీలనలో ఉందని జవాబొచ్చింది. మళ్లీ రాశాను. పరిశీలనలోనే ఉంది. మొత్తం ఆరు ఉత్తరాలు.

సెప్టెంబరులో ఒక పొద్దున రెనాటోతో కాగితాల మీద సంతకాలు పెట్టించుకోవాల్సి వచ్చి నేనూ పడవెక్కాను. దారి చూపించడానికి ఎర్మెస్ రోజూ వెళుతున్నాడని అప్పుడు తెలిసింది. నక్షా గీత దాటబోతున్నామని చేతి యంత్రం కూసిన చోట రెనాటో ఇంజను ఆపేశాడు. ఎదురుగా, తూర్పు వరస దగ్గర, లోరిస్ పడవ. పంపు పార దించడానికి సిద్ధంగా ఉంది.

"నేను ఇక్కడితో ఆగిపోవాలండి" అన్నాడు రెనాటో నాతో. "ఆయనకు జరిగింది నాకూ జరిగితే నా పిల్లలేం తింటారు?"

ఎర్మెస్ తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లతో పడవ అంచు పట్టుకుని దిగి, మోకాలి లోతు నీళ్లలో నడుచుకుంటూ వెళ్లి మూడో గుంజ పక్కన నిలబడ్డాడు.

"బాబాయ్, నీ బిళ్లేది?" అని అరిచాడు లోరిస్.

"లేదు."

"మరి ఏ అధికారంతో వచ్చావ్?"

"ఏ అధికారమూ లేదురా. ఊరికే నిలబడ్డాను. పార దించుతావా, ముందు నా కాళ్ల మీద దించు."

లోరిస్ మా వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. పారను పడవలో పడేసి, తిప్పుకుని వెళ్లిపోయాడు. ఎర్మెస్ మాత్రం కదల్లేదు. పోటు మొదలై నీళ్లు తొడల దాకా వచ్చేవరకూ, ఒక చెయ్యి గుంజ మీద, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని అలాగే ఉన్నాడు. బిళ్ల, తుపాకీ, ఉత్తర్వు, రెనాటో, నేను గీతకు ఇవతల పడవలో కూర్చుని చూశాం.