పదకొండు గంటలకు ఎండిపోయే రంజన్

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాళ్ళతో వాదం పెట్టుకునే మనిషిని నేను. చదివింది పదో తరగతే. కానీ జహీరాబాద్ గ్రంథాలయంలో ఇరవై ఏళ్ళుగా నేను తెరవని బీరువా లేదు. కొరివి దయ్యం అంటే బురద నేలల్లో పుట్టే వాయువు అనీ, పూనకం అంటే మనసు చేసే పని అనీ చుట్టాలకు చెప్పి తిట్లు తిన్నవాణ్ణి. ఇంగ్లీషు కూడా అక్కడే, నిఘంటువు ముందు పెట్టుకుని నేర్చుకున్నాను. హైవే పక్కన నాకో జిరాక్సు దుకాణం ఉంది. ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా పల్లెల వాళ్ళు నా దగ్గరికే తెస్తారు. "లైబ్రరీ సార్" అని పిలుస్తారు. అందులో సగం మర్యాద, సగం ఎకసెక్కం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది దేన్నైనా తేలిగ్గా నమ్మేసే మనిషి రాసింది కాదని తెలియాలి.

మా చిన్నమ్మ మాణెమ్మది ఝరాసంగం అవతల పల్లె. కంది, జొన్న వేసుకుని బతికే ఇల్లు. ఆమెకు ఒక్కడే కొడుకు, శివకుమార్. నాకన్నా పన్నెండేళ్ళు చిన్నవాడు. సైన్యంలో చేరాడు. సరిహద్దు కొండల మీద, ఒక కాపలా చౌకీ దగ్గర జరిగిన కాల్పుల్లో చనిపోయాడు.

జెండా కప్పిన పెట్టె వచ్చిన రోజు జహీరాబాద్ నుంచి ఊరిదాకా జనమే. పెట్టె మాత్రం తెరవనివ్వలేదు. మా దగ్గర పోయేవాళ్ళ గొంతులో నీళ్ళు పోస్తారు. అప్పుడు కుదరకపోతే పోయాకైనా పెదవులు తడుపుతారు. చిన్నమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని పెట్టె పక్కన చాలాసేపు నిలబడింది. ఆ చెంబు అట్లాగే ఇంటికి తిరిగి వెళ్ళింది.

తర్వాతి ఏడు అతనికి శౌర్య పతకం వచ్చింది. దానితోపాటు రెండు పేజీల ఇంగ్లీషు ప్రశంసాపత్రం. చిన్నమ్మ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నా దుకాణానికి తెచ్చింది. నేను రెండు రోజులు నిఘంటువుతో కూర్చుని తెలుగులోకి మార్చాను.

అందులో ఉన్నది ఇది. తెల్లవారుతుండగానే అతని కాలికి, కడుపుకి తూటాలు తగిలాయి. అయినా చోటు వదల్లేదు. తన సీసాలోని నీళ్ళన్నీ గాయపడ్డ తోటి సిపాయికి తాగించి, అతన్ని కిందికి పంపేశాడు. ఆ పైన పదకొండు గంటల దాకా ఒక్కడే కాలుస్తూ ఉన్నాడు. సాయంగా వచ్చిన దళం చేరేసరికి ప్రాణం లేదు.

ఊరి బడిలో సన్మానం పెట్టారు. మా వైపు నాయకుడొకాయన వచ్చాడు. అనువాదం నన్నే చదవమన్నారు. మామూలు మాటల్లో రాస్తే నా చదువు ఎవరికి తెలుస్తుంది? "రుధిరధారలు స్రవించుచున్నను వెన్నిడక, సహచరునకు జలదానమొనర్చి, వీరస్వర్గము నలంకరించెను" అని గొంతెత్తి చదివాను. పదకొండు గంటలనే మాట ఆ వాక్యంలో ఇమడలేదని తీసేశాను. అక్కడున్న వాళ్ళలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అందుకే చప్పట్లు బాగా పడ్డాయి.

వేదిక వెనక చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. భుజాల మీద ఆ నాయకుడు కప్పిన శాలువా.

"పెద్దోడా, నువ్వు చదివింది నాకు జర గూడ సమజ్ కాలే. ఒక్కటి చెప్పు. మావోని గొంతుల ఎవ్వలన్న నీళ్ళు పోసిన్రా?"

"పోసిన్రు చిన్నమ్మా. వెంటనే పోయిండు. నొప్పి గూడ తెల్వలే."

నా ముఖంలోకి ఒక క్షణం చూసింది. "సరే" అంది.

ఈ ఎండాకాలం ఆ నాయకుడే శివకుమార్ పేరు మీద నా దుకాణం ఎదురుగా చలివేంద్రం పెట్టించాడు. తాటాకు పందిరి, ఇసుక పరుపు, దాని మీద వరసగా అయిదు రంజన్లు, నీళ్ళు చల్లబడే పెద్ద మట్టి కుండలు. ఫ్లెక్సీ మీద నాయకుడి ముఖం రంజన్ అంత, మా తమ్ముడి ముఖం గ్లాసంత. మొదటి రంజన్‌లో చిన్నమ్మ చేత నీళ్ళు పోయించి ఫొటోలు తీసుకున్నారు. మూడో రోజుకు నీళ్ళు పోసే మనిషి రావడం మానేశాడు. ముంబయి వైపు వెళ్ళే లారీల వాళ్ళు దిగి, ఖాళీ రంజన్లలో గ్లాసు ముంచి, ఫ్లెక్సీ వైపు చూసి తిట్టుకుంటూ పోయేవాళ్ళు. ఆ తిట్లు మా తమ్ముడి ఫొటో కిందే పడుతున్నాయని నేనే రోజూ పొద్దున్నే నీళ్ళు మోసి పోయడం మొదలుపెట్టాను.

వారం తిరక్కుండానే గమనించాను. నాలుగు రంజన్లలో నీళ్ళు జనం తాగినంతే తగ్గుతున్నాయి. చిన్నమ్మ నీళ్ళు పోసిన మొదటిది మాత్రం పదకొండయ్యేసరికి పూర్తిగా ఎండిపోతోంది.

చిల్లు అనుకున్నాను. కింద ఇసుక పొడిగా ఉంది. ఎండ అనుకుని వరసలో చివరికి, నీడలోకి మార్చాను. అక్కడా అంతే. మట్టి రంధ్రాల్లోంచి నీరు ఊరి ఆవిరవుతుందని చదివాను కాబట్టి పైభాగం తడిమి చూశాను. మిగతా నాలుగూ చెమట పట్టినట్టు తడిగా ఉన్నాయి. ఇది పొయ్యి మీంచి దింపినంత పొడిగా ఉంది.

రంజన్లు అమ్మే ఎల్లయ్యను పిలిచాను. వేలి కణుపుతో కొట్టి చూశాడు. ఖంగుమంది.

"కుండల ఏం ఖరాబ్ లేదు సార్. నేను జేసిన కుండ నీళ్ళు తాగదు. ఎవ్వలు తాగుతున్నరో మీ లైబ్రరీల రాసి లేదా?" అని నవ్వి పోయాడు.

ఆదివారం దుకాణం తెరవలేదు. ఆ రంజన్‌ను లోపలికి తెచ్చి, అంచుదాకా నింపి, పళ్ళెం బోర్లించి, తువ్వాలుతో గట్టిగా కట్టాను. ఎనిమిది గంటల నుంచి దాని ఎదురుగా పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. షట్టర్ సగం దించి ఉంది, పట్టపగలు, ఎవరూ రాలేదు, నేను లేవలేదు. పదకొండు దాటాక ముడి విప్పాను. ముడి నేను వేసినట్టే ఉంది. లోపల చుక్క లేదు. చెయ్యి పెట్టి అడుగు తడిమాను. వేళ్ళకు తడి అంటలేదు.

అప్పుడు ప్రశంసాపత్రం నకలు తీసి చూశాను. నేను తీసేసిన ఆ మాట అందులో అట్లాగే ఉంది. పదకొండు గంటలు.

మర్నాడు షేర్ ఆటోలో ఝరాసంగం మీదుగా చిన్నమ్మ ఊరికి వెళ్ళాను. ఆమె వాకిట్లో కందులు చెరుగుతోంది. జరిగింది చెప్పాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను. చాట దించలేదు.

"ఏ యాళ్లకు ఎండుతున్నది?"

"పదకొండుకు."

"ఇప్పుడన్న నిజం చెప్పు పెద్దోడా. గా రోజు నువ్వు నా మొఖం జూడకుంట చెప్పినవు."

చెప్పాను. ఈసారి మన మాటల్లోనే చెప్పాను. పొద్దుటి నుంచి పదకొండు దాకా బతికే ఉన్నాడని. నీళ్ళు ఇంకొకడికి ఇచ్చేశాడని. గొంతులో ఎవరూ పోయలేదని. చాటలోని కందులు ఒక పక్కకు జారాయి. "గంతమంది శాలువలు కప్పిన్రు" అంది.

మరుసటి రోజు ఆమె వచ్చింది. రంజన్‌లో తన చేత్తో నీళ్ళు పోసి, దాని మీద అరచెయ్యి ఆనించి, పక్కనే ఇసుకలో కూర్చుంది. "తాగు నాయినా, మెల్లగ తాగు" అని ఒకసారి అన్నది విన్నాను. పదకొండు దాటింది. పన్నెండయింది. నీళ్ళు అంచుదాకా అట్లాగే ఉన్నాయి. రంజన్ పైన చెమట పట్టింది.

దీంతో అయిపోయిందనుకున్నాను. ఆ తర్వాతి రోజు ఆమె రాలేదు. పదకొండుకు రంజన్ ఎండిపోయింది.

అప్పటి నుంచి ఆమె రోజూ వస్తోంది. ఆ వయసులో, ఆ ఎండలో, ఆటోలో ఒక మూల ఇరుక్కుని వచ్చి, చెయ్యి ఆనించి కూర్చుని, పన్నెండుకు వెళ్ళిపోతుంది. నాయకుడి మనుషులు అటుగా పోతూ చూసి ఫొటో తీశారు. వారానికి కొత్త ఫ్లెక్సీ వెలిసింది: "దాహార్తుల సేవలో వీరమాత". పక్కన నాయకుడి నమస్కారం. అది చదివి వినిపించమని ఆమె నన్ను అడిగింది. "నీ పేరు రాసిన్రు" అని మాత్రం చెప్పాను. అది అబద్ధం కాదు.

గ్రంథాలయంలో మట్టి గురించి, నీటి గురించి దొరికినవన్నీ తిరగేశాను. నా రంజన్ వాటిలో లేదు. మనసు కల్పించుకుంటుందని నేనే ఎందరికో చెప్పాను. కానీ మనసు రంజన్‌ను ఎట్లా ఖాళీ చేస్తుంది? తెలియదు. ఈ మాట ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు.

మొన్న ఆమె జ్వరంతో దవాఖానకు వెళ్ళింది. ఒక్క రోజే కదా అని నేనే నీళ్ళు పోసి, అరచెయ్యి ఆనించి, ఆమె కూర్చున్నట్టే ఇసుకలో కూర్చున్నాను. కళ్ళు తిప్పలేదు, చెయ్యి తీయలేదు. పదకొండు దాటేసరికి నా చేతికింద మట్టి వెచ్చబడడం తెలిసింది.

దవాఖాన నుంచి చిన్నమ్మ నేరుగా అక్కడికే వచ్చింది. వంగి, ఎండిన రంజన్‌లోకి చూసింది. తర్వాత ఇంకా దాని మీదే ఉన్న నా చెయ్యి వైపు చూసింది. దాన్ని మెల్లగా పక్కకు జరిపి, బిందె అందుకుంది.