ఊట మీది చెట్లు

నా చిన్నప్పుడు, చెరకు ఆడే రోజులు వచ్చాయంటే నన్ను చోడవరం నుంచి చీడికాడ వైపు, కొండ కింద ఊళ్ళో ఉండే మా అమ్మమ్మ దగ్గరకు పంపేవారు. వేడి బెల్లం మీది ఆశతో పరుగున వెళ్ళేదాన్ని. కానీ ఒక ఏడు మాత్రం అక్కడ అడుగుపెట్టింది మొదలు నాకు కాలు నిలవలేదు. పెద్దవాళ్ళంతా మాటిమాటికీ ఆకాశం కేసి చూస్తున్నారు. ఎవరూ కుదురుగా అన్నం కూడా తినడం లేదు.

ఆ ఊరి వెనక కొండ ఒకప్పుడు దట్టమైన అడవి అట. నాకు ఊహ తెలిసేసరికే సగం బోడి అయిపోయింది. బెల్లం పొయ్యిలకనీ, ఇళ్ళ దూలాలకనీ ఏటా కొంత నరుక్కుపోయారు. వాన పడితే ఆ బోడి వైపు నుంచి ఎర్రమట్టి కొట్టుకొచ్చి వరిమళ్ళలో మేట వేసేది. రెండో వైపు మాత్రం పెద్ద చెట్లు, వాటి మీదికి పాకిన అడ్డతీగలు, కింద పాదం దిగబడేంత మెత్తటి ఆకుల పొర మిగిలి ఉన్నాయి. వాటి అడుగునున్న ఊట నడి వేసవిలో కూడా ఆరేది కాదు. ఊరందరికీ తాగునీరు అదే. అక్కడ ఎవరూ గొడ్డలి పెట్టకూడదని ఇంటింటికీ తిరిగి ఒప్పించింది మా అమ్మమ్మే.

ఆ ఏడు కాలం కాని కాలంలో వాన పడింది. పొయ్యిలో వేయడానికి ఎండబెట్టిన చెరకు పిప్పి అంతా తడిసి ముద్దయింది. అప్పటికే మా మావయ్య చెరకు ఆడించేశాడు. పొద్దు వాలేలోగా వండకపోతే రసం పులిసిపోతుంది, ఏడాది కష్టం నేలపాలవుతుంది. మావయ్య పొయ్యి చుట్టూ పిచ్చెక్కినవాడిలా తిరిగాడు. ఊట మీద నిలువునా ఎండిన చెట్టు ఒకటుందని గుర్తొచ్చి, గొడ్డలి పుచ్చుకుని కొండెక్కేశాడు.

అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని వెనకాలే బయలుదేరింది. మేం చేరేసరికి మావయ్య చెట్టు మొదట్లో తీగలు కోసి దారి చేసుకుంటున్నాడు.

"రసం పులిసిపోతంటే ఇప్పుడు కట్టుబాట్లేటమ్మా? ఎండిపోయిన సెట్టే గదా. ఒక్కటే!"

"కొండంతా ఒక్కొక్కటిగానే పోయింది గదరా," అంది అమ్మమ్మ. "నువ్వు ఎండింది కొడతావు. రేపొకడు ఎండబోయేది కొడతాడు. నా కొడుకే కొట్టేక నేనెవర్ని ఆపనూ?"

"అయితే నన్నేటి సెయ్యమంటావు?"

ఆవిడ అడ్డం నిలబడలేదు. నన్ను తీసుకుని వచ్చిన దారినే దిగిపోయింది. దారంతా గొడ్డలి దెబ్బ ఎప్పుడు వినబడుతుందోనని చెవులు రిక్కించి నడిచాను. వెనక్కి చూడబోతే అమ్మమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కి, "నడవే గుంటా," అంది.

ఇంటికి రాగానే ఆవులను విప్పి మామిడిచెట్టుకి కట్టింది. దోటీ తెచ్చి పశువుల సాల కప్పు లాగడం మొదలుపెట్టింది. అది మా తాతయ్య కట్టిన సాల. మావయ్య చెట్టు కొట్టకుండానే దిగి వచ్చేసరికి సగం తాటాకులు నేల మీదున్నాయి, పైపొర తడిసినా లోపలివి పొడిగానే ఉన్నాయి.

"నీకేటైనా మతి పోయిందేటి?" అని అరిచాడు. ఆవిడ ఆగలేదు. మావయ్య ఆమెను పక్కకి జరిపి, తనే పైకెక్కి వాసాలు ఊడదీశాడు. దించుతున్నంతసేపూ ఏడ్చాడు. అది చూసి పక్కింటివాళ్ళు పిడకలు తెచ్చారు, ఇంకొకరు ఎండిన తాటిమట్టలు తెచ్చారు. పొయ్యి మండింది. మంట సరిగ్గా నిలవక బెల్లం నల్లబడింది గానీ, రసం పారబోయాల్సిన పని లేకపోయింది.

ఆ తరవాత మబ్బు పట్టినప్పుడల్లా అమ్మమ్మ గోనెసంచులు పట్టుకుని ఆవుల దగ్గరకు పరిగెత్తేది. దూడకి జలుబు చేస్తే మావయ్య తల్లితో చాలాకాలం సరిగ్గా మాట్లాడలేదు. తొలకరికి మాత్రం మా పొలం గట్ల మీద పొయ్యికి పనికొచ్చే సీమతంగేడు మొక్కలు ముందు నాటింది ఆయనే. ఊళ్ళో మిగతావాళ్ళూ నాటారు. అవి పెరిగాక మొదట్లో మోడు వదిలి వంతులవారీగా కొట్టుకునేవారు. మోడు మళ్ళీ చిగిర్చేది. కొండ మీదికి వెళ్ళాల్సిన అవసరం తగ్గిపోయింది.

ఇప్పుడు నాకు మనవలున్నారు. బస్సులో పోతూ చెట్లు పోయి ఎర్రగా గీరుకుపోయిన కొండలు చూసినప్పుడల్లా నా మనసు నిలవదు. అందరిదీ అయిన దాని మీద చెయ్యి వేసేముందు, నాదంటూ ఏముందో, అందులో ఏది వదులుకోగలనో వెతుక్కుంటాను. ఎంత వదులుకున్నా, ఇంకా వదులుకోగలిగింది ఏదో మిగిలే ఉంటుంది. ఆ సంగతే నన్ను స్థిమితంగా కూర్చోనివ్వదు. కూర్చోనివ్వకపోవడమే మంచిదనిపిస్తుంది.