అందరినీ బాస్ అనేవాడు

ఖతార్‌లోని అల్ వక్రాలో వరల్డ్ కప్ స్టేడియం కడుతున్నప్పుడు నేను సైట్‌లో హాజరు రాసే టైమ్‌కీపర్‌ని. మా సెంట్రింగ్ మేస్త్రీది జగిత్యాల వైపు. నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్నీ, చీపురు పట్టిన నేపాలీనీ, నన్నూ, అందరినీ "బాస్" అనేవాడు. చెయ్యి గుండె మీద పెట్టుకుని మరీ అనేవాడు.

ఒకరోజు టీ తాగుతూ నా తెలివి చూపించాను. "అది డచ్ వాళ్ళ మాట మేస్త్రీ. అమెరికా కూలివాళ్ళకి 'యజమాని' అనడం నామోషీ. అది బానిసలు పిలిచే మాటని, బదులుగా దీన్ని అందుకున్నారు. చివరికి ఇదే యజమాని అయి కూర్చుంది. ఇప్పుడు మనకి ఆటోవాడూ బాసే."

ఆయన గ్లాసు దించాడు. "మాట మార్చిన్రు సరే బాస్. ఎండల నిలవెట్టెటోడు మారిండా?"

ఆ ఏడాది జూలైలో ఒక పొద్దున టైమ్ ఆఫీసులో నా కిటికీ దగ్గరికొచ్చాడు. "కండ్లు తిరుగుతున్నయి బాస్. ఇయ్యాల రెస్టు రాయరాదు?"

పెన్ను నా చేతిలోనే ఉంది. "నాదేముంది మేస్త్రీ, ఫోర్‌మన్‌ని అడగండి" అన్నాను.

"సరే బాస్." చెయ్యి గుండె మీద పెట్టుకుని, అడక్కుండానే పైకి ఎక్కేశాడు.

పదింటికి నలుగురు మోసుకుని కిందికి దించారు. అప్పటికే ఊపిరి లేదు.

ఒక్కరోజు రెస్టు టైమ్‌కీపరే రాయొచ్చు. ఆ పొద్దున ఆయనకి బాస్‌ని నేనే.